దురద తగ్గితే రోగం తగ్గినట్లేనా?

వానకాలం వచ్చిందంటే హోసూరులోనైనా బళ్ళారిలోనైనా మన ఇళ్ళలో వినవచ్చే మాట ఒకటుంది: "వేళ్ళ సందుల్లో ఒకటే దురద. మందుల షాపులో ఏదైనా క్రీము అడిగి తీసుకురండి." ఈ 'ఏదైనా' అన్న మాటతోనే చిక్కు మొదలవుతున్నది.

చంకల్లో, తొడల నడుమ, రొమ్ముల కింద, అస్తమానం నీళ్ళలో నానే చేతివేళ్ళ సందుల్లో చర్మం ఎర్రబడి ఒరుసుకుపోయి, చుట్టూ చిన్న పొక్కులు లేస్తే, అది చాలావరకు కాండిడా అనే ఈస్టు జాతి శిలీంధ్రం పని. మెడమీద, వీపుమీద సన్నని పొట్టుతో కనిపించే శోభి మచ్చలకు మలసేజియా అనే మరొక ఈస్టు కారణం. ఇవి మామూలుగా మనలో ఉండేవే. చెమట, తడి, ఒరిపిడి, అదుపు తప్పిన మధుమేహం తోడైనప్పుడు విజృంభిస్తాయి. సిగ్గుపడి దాచుకోవలసిన రోగాలు కావు.

వీటికి మందు కొత్తదీ కాదు, ఖరీదైనదీ కాదు. 1 శాతం క్లోట్రిమజోల్ లేదా 2 శాతం మైకోనజోల్ క్రీమును, శుభ్రంగా కడిగి తడి ఆర్చిన చర్మంపై, మచ్చ అంచులు దాటేలా పలుచగా, సాధారణంగా రోజుకు రెండుసార్లు రాయాలి. 2 నుంచి 4 వారాలు పడుతుంది. కొద్ది రోజులకే దురద తగ్గవచ్చు. అయినా ఆపరాదు, చర్మం బాగుపడిన తరువాత మరొక వారం రాయడం మంచిది. శోభి విషయంలో మాత్రం శిలీంధ్రం చచ్చినా తెల్లమచ్చలు కొన్ని నెలలు నిలవవచ్చు. అది మందు లోపం కాదు.

అసలు ప్రమాదం స్టీరాయిడ్ కలిపిన క్రీములతోనే. క్లోబెటాసాల్, బీటామెథసోన్ వంటివి ఎరుపును, దురదను ఒక్క పూటలో అణచినట్లు కనిపిస్తాయి. లోపల చర్మపు రక్షణశక్తి సన్నగిల్లి శిలీంధ్రం పాకుతుంది. చర్మం పలుచబడి చారలు పడతాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 స్టీరాయిడ్ పూతమందులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని ఆదేశించింది. ఆ హెచ్చరిక మన అమ్మమ్మలు చదవగల లిపిలో ట్యూబు మీద ఉన్నదా?

పేర్ల తికమక కూడా తక్కువది కాదు. మన శోభిని తమిళంలో తేమల్ అంటారు. మన తామర వారికి పడర్‌తామరై, కన్నడిగులకు హుళుకడ్డి. తామర ఈస్టు వల్ల వచ్చేది కాదు, వేరొక శిలీంధ్రం వల్ల వస్తుంది. గజ్జి అసలు శిలీంధ్రమే కాదు, పురుగు. షాపువాని ముందు మాట తడబడి చేయి చూపించి ఊరుకుంటే, అతడు చేతికందిన ట్యూబు ఇస్తాడు.

కనుక ప్రతి ఇంటా చదువుకున్న పిల్లలు ఒక పని చేయాలి. ట్యూబుపై ఉన్న మందుల పేర్లు పెద్దలకు తెలుగులో చదివి వినిపించాలి. "ఇందులో స్టీరాయిడ్ ఉన్నదా?" అని అక్కడి భాషలో అడగడం వారికి నేర్పాలి. రెండు వారాలకూ గుణం కనిపించకపోయినా, మళ్ళీ మళ్ళీ తిరగబెట్టినా వైద్యుని చూచి, రక్తంలో చక్కెర పరీక్ష చేయించాలి. తెలియని మందు రాసుకోవడం కన్నా, తెలియదని అడగడమే మేలు.