ఉగ్రము – ఉపసంహారము: వృత్తియోధుని జీవనమున బలతత్త్వము

సింగరాయకొండ అను నామమునందే సింహము కలదు. "సింగ" శబ్దము సింహశబ్దమునకు తద్భవము, సింగరాయడనగా నరసింహుడే. ప్రకాశం జిల్లాలో ఒంగోలుకు దక్షిణమున, విజయవాడ–చెన్నై రైలుమార్గముపై నున్న ఈ క్షేత్రమున శ్రీవరాహలక్ష్మీనరసింహస్వామి కొండపై వెలసి యున్నాడు. ఇచటికి సమీపముననే గుడ్లూరు కలదు. ఆ గ్రామముతో సంబంధము కలవాడని సాహిత్యచరిత్రకారులు చెప్పు ఎఱ్ఱన నృసింహపురాణమును తెనుగున రచించెను. శ్రీరాముడు ధనుర్ధారి, శ్రీకృష్ణుడు చక్రధారి. కాని హిరణ్యకశిపుని వధించినప్పుడు నృసింహుడు ఏ ఆయుధమును చేపట్టలేదు. బాహువులు, నఖములు, ఊరువులు—ఇవియే ఆయన సాధనములు. కావున నిరాయుధద్వంద్వయుద్ధమును గూర్చిన ధర్మవిచారమునకు ఈ కొండపాదము తగిన ఆరంభస్థానము.

ఆ విచారము నేడు అవసరమైనది. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అను పోరు ఇప్పుడు ప్రపంచమంతట వృత్తిగా నెలకొన్నది. ముష్టియుద్ధము, మల్లయుద్ధము, పాదప్రహారము, కీళ్లను బంధించు విద్య—ఇవన్నియు ఒకే పోరులో కలిసియుండుట దీని లక్షణము. 1993 నవంబరు 12వ తేదీన అమెరికాలోని డెన్వర్ నగరమున జరిగిన తొలి యు.ఎఫ్.సి. పోటీ నాటికి నియమములు అత్యల్పము. నేడు 5 నిమిషముల రౌండ్లు మూడు, ప్రధానపోటీలకు ఐదు. కన్నులలో వ్రేళ్లు గ్రుచ్చుట, తల వెనుక భాగమున కొట్టుట నిషిద్ధము. 2024 జూన్ 8న పూజా తోమర్ యు.ఎఫ్.సి.లో విజయము పొందిన తొలి భారతీయురాలైనది. ఆ వార్త విన్న గ్రామీణయువకులలో కొందరికైనను ఇదియు ఒక జీవనమార్గమని తోచుట సహజము. అట్టి యువకుని తల్లి కొండమెట్లెక్కి స్వామి యెదుట నిలిచి, తన కుమారుడు వరించిన వృత్తి ధర్మమా అధర్మమా అని అడిగినచో, శాస్త్రము ఏమి చెప్పును?

ఆస్తికులలో దీనిపై రెండు అభిప్రాయములు వినవచ్చును. ధనము కొరకు సాటి మానవుని కొట్టుట హింసయే గనుక సాధకుని గృహమున దానికి చోటు లేదని ఒకరందురు. హనుమంతుని ఆరాధించు దేశమున బలోపాసన పుణ్యమే గనుక విచారమే అనవసరమని మఱియొకరందురు. ఈ రెండును సగము సత్యములు.

మొదటి అభిప్రాయమునకు భాగవతమునందలి జాంబవంతుని వృత్తాంతమే సమాధానము. శమంతకమణి కొరకు గుహలో ప్రవేశించిన శ్రీకృష్ణునితో జాంబవంతుడు 28 దినములు బాహుయుద్ధము చేసెను. తుదకు అతని అంగములు శిథిలమైనవి. ఎదుటనున్నవాడు తన స్వామియే అను జ్ఞానము ఉదయించినది. మణిని, కుమార్తెను సమర్పించి ప్రణమిల్లెను. ఆ పోరు ఆతనికి పతనహేతువు కాలేదు, సాక్షాత్కారహేతువైనది. హింస అనునది క్రియలో కంటె ద్వేషములో ఎక్కువగా నుండును. ఇరువురును అంగీకరించి, నియమమునకు లోబడి, మధ్యవర్తి చేయి యెత్తినంతనే ఆగి, అనంతరము ఒకరినొకరు ఆలింగనము చేసికొను పోరును ద్వేషజనితహింసతో సమానమనుట న్యాయము కాదు.

రెండవ అభిప్రాయమునకు సమాధానము గీతయందు కలదు. సప్తమాధ్యాయమున భగవానుడు బలవంతులయందలి బలము తానేనని చెప్పుచు, ఆ బలము కామమును రాగమును విడిచినదై యుండవలెనని విశేషించెను. బలమాత్రము భగవద్విభూతి కాదు. లేనిదానిని కోరుట కామము. ఉన్నదానిని విడువలేకుండుట రాగము. బలమును విక్రయించి జీవించువాని బలము ఈ రెంటిని విడువగలదా? వృత్తియోధుని విషయమున అసలు ప్రశ్న ఇది.

ఈ ప్రశ్నను పరీక్షించుటకు తెలుగువారికి పరదేశములకు పోనక్కరలేదు. ఉత్తరాంధ్రయందలి వీరఘట్టమున 1882లో జన్మించిన కోడి రామమూర్తి నాయుడు బలమునే వృత్తిగా చేసికొని దేశదేశములు తిరిగిన మహామల్లుడు. బాల్యముననే తల్లిని గోల్పోయి విజయనగరమున బంధుగృహమున పెరిగి, కుస్తీ నేర్చి, వ్యాయామోపాధ్యాయుడై, పిదప సర్కస్ సంఘమును నెలకొల్పెను. వక్షమునకు చుట్టిన ఇనుపగొలుసును ఊపిరి పూరించి త్రెంచుట, రెండు మోటారుకార్లను భుజబలముతో కదలనీయక నిలుపుట, ఱొమ్ముపై ఏనుగును నిలుపుకొనుట ఆయన ప్రదర్శనములు. కలియుగభీముడని, ఇండియన్ హెర్క్యులిస్ అని లోకము కొనియాడెను. ప్రజలు టికెట్టు కొని చూచిరి. అనగా ఆయన బలమునకు వెల కట్టబడినది. ఆ అర్థమున ఆయనయు నేటి వృత్తియోధుని పూర్వికుడే.

అయినను ఆయన జీవనమున రెండు విశేషములు గమనార్హములు. మొదటిది, బలమునకు మూలము మాంసము కాదని, ప్రాణనిగ్రహమని ఆయన ఆచరించి చూపుట. శాకాహారము, బ్రహ్మచర్యము, ప్రాణాయామము ఆయన నిత్యనియమములు. ఉచ్ఛ్వాసమును నిలుపుట చేతకాని వానికి గొలుసు త్రెగదు. శ్వాసను జయించు యత్నములో చిత్తము కొంతయైనను లొంగక తప్పదు. రెండవది, ఆర్జించిన ధనమును దానధర్మములకు విరివిగా వినియోగించెనను ప్రతీతి. కామము తగ్గిన బలమునకు ఇవి లక్షణములు.

కాని కాలము బలవంతుని సైతము విడువలేదు. ఏనుగు భారమును మోసిన ఆ దేహమున, కాలిపై లేచిన వ్రణము ముదిరి, తుదకు ఆ కాలినే తొలగింపవలసి వచ్చినదని ఆయన జీవితచరిత్ర చెప్పుచున్నది. 1942లో ఆయన దేహము చాలించెను. నేడు శ్రీకాకుళమున క్రీడాప్రాంగణమునకు ఆయన నామము కలదు. విశాఖ సముద్రతీరమున ఆయన విగ్రహము కలదు. విగ్రహము క్షీణింపక నిలిచినది, అసలు దేహము నిలువలేదు. దేహబలమున జీవించు ప్రతివాని వృత్తాంతమునకును చివరి పుట ఇదియే. ఆ పుట వచ్చునని ముందే ఎఱిగి జీవించువాడు సాధకుడు. రాదని భ్రమించువాడు దేహాత్మవాది.

నేటి పోరున కామము ధరించు రూపములలో భయంకరమైనది బరువు తగ్గించు పద్ధతి. తక్కువ బరువు గల వర్గమున పోటీ చేసి లాభము పొందవలెనని, తూకమునకు ముందు కొలది దినములలో దేహమునందలి జలమును చెమటరూపమున వెడలగొట్టి, తూకము ముగిసినంతనే మరల నింపుకొందురు. 2015 డిసెంబరులో చైనా దేశపు 21 ఏండ్ల యోధుడొకడు ఇట్లు జలక్షయము వలన, బరి యెక్కక మునుపే, మరణించెను. అనంతరము ఆ పోటీల నిర్వాహకసంస్థ జలశోషణముచే బరువు తగ్గించుటను నిషేధించినది. దీనిని తపస్సని పొగడువారు కలరు. గీత సప్తదశాధ్యాయమున, దంభాహంకారములతో దేహమునందలి భూతసముదాయమును, అంతర్యామిని కూడ శుష్కింపజేయువారి తపస్సు ఆసురమని భగవానుడు నిర్ణయించెను. ఉపవాసమునకును ఈ శోషణమునకును బాహ్యమున సామ్యము కలదు; సంకల్పమున లేదు.

ఇంతకంటె గంభీరమైన దోషము మఱియొకటి. కఠోపనిషత్తు దేహమును రథముగను, బుద్ధిని సారథిగను వర్ణించినది. గుఱ్ఱములు అలసినను, చక్రము విరిగినను, సారథి స్వస్థుడైనచో యాత్ర కొనసాగును. శిరస్సుపై మరల మరల తగిలిన దెబ్బలు వర్షముల అనంతరము స్మృతిని, వాక్కును, విచారశక్తిని క్షీణింపజేయునని వైద్యశాస్త్రము నేడు చెప్పుచున్నది. కుస్తీలో మోకాలు దెబ్బతిన్నచో రథము దెబ్బతిన్నట్లు. ఈ పోరున దెబ్బ తగులునది సారథి ఆసనముపై. మానవజన్మము దుర్లభమగుట వివేకముచేత. ఆ వివేకమునకు ఉపకరణమైన దానినే మూల్యముగా చెల్లించి కీర్తిని కొనుట మణినిచ్చి గాజును గొనుటయే. ఆస్తికులు ఈ వృత్తిని ఆక్షేపింపదలచినచో, రక్తమును చూచి కాదు, దీనిని చూచి ఆక్షేపింపవలెను.

ఇచట ఒక ప్రత్యాక్షేపము న్యాయముగా వినవలసి యున్నది. వైరాగ్యబోధ కడుపు నిండినవానికి సులభము. గుంటూరు, ప్రకాశం మైదానములలో పత్తి, మిరప సాగు చేయు కుటుంబమున, ధర పడిపోయి అప్పు మిగిలిన ఏట, కుమారుని బాహుబలమే ఆస్తియైనప్పుడు దానిని అమ్మవద్దనుట కఠినము కాదా? రైతు, కూలి సైతము దేహబలమునే వెచ్చించి జీవించుచున్నారు గదా? ఈ మాట సత్యమే. అయితే దీని సమాధానమును ఆ రైతే ఎఱుగును. ఒకే చేలో ఏటేట ఒకే పైరు వేసినచో భూసారము నశించునని, పైరు మార్చవలెనని, అవసరమైన ఏడు చేనును బీడు విడువవలెనని ఆతనికి తెలియును. పంట కొరకు చేనును చంపుకొనడు. దేహమును క్షేత్రమని గీత పిలుచుట ఊరక కాదు. క్షేత్రమును దున్నుట ధర్మమే. దానిని నిస్సారము చేయుట ధర్మము కాదు. కనుక వలసినది వృత్తినిషేధము కాదు, విరామజ్ఞానము.

ఆ విరామజ్ఞానమునకు ఈ రంగమునందే ఒక ఉదాహరణము కలదు. 2020 అక్టోబరు 24న అబూధాబిలో విజయము పొందిన ఖబీబ్ నుర్మగొమెదోవ్ అను యోధుడు, 29 పోటీలలో ఒక్క పరాజయమైనను లేకుండ, బరిలోనే చేతితొడుగులు విడిచి విరమణము ప్రకటించెను. ఆ సంవత్సరమే గురువు కూడ నైన ఆతని తండ్రి మరణించెను; తండ్రి లేక పోరాడనని తల్లికి మాట యిచ్చితినని ఆతడు చెప్పెను. మతము వేఱు, దేశము వేఱు; అయినను మాతృవాక్యమునకై శిఖరమున నిలిచి దిగివచ్చుట ఏ ధర్మమునకైనను ఆదరణీయమే. ఇంకొక్క విజయము, ఇంకొక్క జయఘోష అనుకొనుచు బుద్ధి మసకబారు వరకు బరిని విడువలేనివాని బలము రాగబద్ధము.

ఈ పోరున ఒక చిన్న ఆచారము సాధకునికి గొప్ప పాఠము. బంధము బిగిసి ఇక విడివడు దారి లేనప్పుడు యోధుడు అరచేతితో ప్రత్యర్థిని తట్టును. దానిని ట్యాప్ అందురు. తట్టినంతనే పోరు ఆగవలెను. తట్టుటకు సిగ్గుపడినవాని ఎముక విరుగును. సౌగంధికపుష్పమునకై పోవుచున్న భీముడు, దారిలో పరుండిన ముదుసలి వానరము తోకను ఎత్తజాలక, తల వంచి, నీవెవ్వరవని వినయముతో అడిగెను. ఆ వినయము వలననే అన్నయగు హనుమంతుని ఆశీస్సు లభించినది. హిరణ్యకశిపుడు మాత్రము చివరి క్షణము వరకు ఓటమిని ఒప్పలేదు. అహంకారము ఒప్పుకొనలేని ఓటమి దానిని నాశనము చేసియే ఆగును.

కావున కొండమెట్లెక్కిన ఆ తల్లికి ఇయ్యదగిన సమాధానము ఇది: కుమారుని ఆపుటకు ముందు మూడు విషయములు విచారింపవలెను. ఆతని గురువు గెలుపుతోపాటు విరమణమును గూర్చియు బోధించుచున్నాడా? దెబ్బ తిన్న శిరస్సుకు వైద్యుడు విశ్రాంతి చెప్పినప్పుడు ఆ మాట చెల్లుచున్నదా? బరి వెలుపల ఆతనికి వేఱొక జీవనోపాధి, వేఱొక ఉపాసన కలవా? మూడింటికిని అవునన్నచో ఆశీర్వదింపవలెను. ఏ ఒక్కటి కాదన్నను నిర్భయముగా అడ్డుపడవలెను, అది మాతృధర్మము.

చివరకు ఆ కొండపై స్వామియే ప్రమాణము. హిరణ్యకశిపుడు కూలిన తరువాతను నృసింహుని ఉగ్రము శమింపలేదని పురాణము చెప్పుచున్నది. దేవతలు భయపడిరి, శ్రీమహాలక్ష్మియు సమీపింప సాహసింపలేదు. శత్రువు లేడు, యుద్ధము లేదు, విజయము సిద్ధించినది. అయినను ఉగ్రము మిగిలియున్నది. అప్పుడు పసివాడైన ప్రహ్లాదుడు నిర్భయముగా చేరి పాదముల వ్రాలగా, స్వామి ఆతని శిరస్సుపై చేయి నుంచెను. క్షణమునకు మునుపు వక్షమును చీల్చిన చేయియే అది. అవతారకార్యము పూర్ణమైనది అప్పుడే.

యోధుని జీవనమునకు కొలత ఇదియే. ఎన్ని గెలిచెనని కాదు. చీల్చిన చేయి తిరిగి దీవింపగలుగుచున్నదా అని. ఆతని లోపల ప్రహ్లాదుడు బ్రతికియున్నచో బరియు సాధనస్థలమగును. లేనిచో ఎంతటి జయమైనను శమింపని ఉగ్రమై ఆతని ఇంటినే దహించును.

శ్రీలక్ష్మీనృసింహార్పణమస్తు.