దీమక్‌కి ఇజాజత్ అక్కర్లేదు

కాపీరైట్ మాటొస్తే మన ఉస్తాదులూ, కుతుబ్‌ఖానాలు చూసుకునే పెద్దమనుషులూ ఒక వింత పని చేస్తున్నారు. కానూన్ ఇజాజత్ ఇచ్చిన చోట వణికిపోతున్నారు. కానూన్ కూడదన్న చోట బేఫికర్‌గా ఉంటున్నారు. ఈ ఉల్టా యవ్వారంలో రెండు వైపులా నష్టపోయేది మన ఖౌమే.

ముందు వణుకు సంగతి. ఒక జిల్లా కేంద్రంలో మసీదుని ఆనుకుని చిన్న కుతుబ్‌ఖానా ఉంది. రెండు అల్మారీల నిండా ఉర్దూ కితాబులు, కొన్ని పాత తెలుగు పుస్తకాలు. ముట్టుకుంటే కాగజ్ పొడి పొడిగా రాలుతుంది. స్కాన్ చేయించండి జనాబ్, ఖర్చు మేం నలుగురం పెట్టుకుంటాం అన్నాను. "తౌబా, కేసవుతుంది! లోపల జుమ్లా హుకూక్ మహ్‌ఫూజ్ అని రాసుంది, చూడు" అన్నాడాయన. సర్వహక్కులూ భద్రం అని దాని మతలబ్. హక్కులు భద్రంగానే ఉన్నాయి, కితాబునే దీమక్ తినేస్తోంది. చెదలు ఎవరి ఇజాజతూ అడగవు కదా.

1957 నాటి కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ ఉంది. ఏయే పనులు చేస్తే ఉల్లంఘన కాదో చెప్పేది అదే. మన తాలీమ్ కమిటీల్లో దాన్ని ఎవరైనా తిరగేశారా అని నా అనుమానం. లాభం కోసం నడపని పబ్లిక్ లైబ్రరీ, తన దగ్గర కాగితం ప్రతి ఉన్న పుస్తకాన్ని కాపాడుకోవడానికి డిజిటల్ నకలు తీసి దాచుకోవచ్చని 2012లో అందులో చేర్చారు. దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకమైతే లైబ్రరీ వాడకానికి మూడు నకళ్ల దాకా తీసుకోవచ్చు. స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో ఊరందరికీ పంచమని మాత్రం చెప్పలేదు. కాపాడుకోమంది, అంతే. మసీదు కుతుబ్‌ఖానా పబ్లిక్ లైబ్రరీ ఎట్లా అవుతుందంటారా? బస్తీలో ఎవరొచ్చినా కూర్చుని చదువుకోనిస్తే, పైసా లాభం చూసుకోకపోతే ఎందుకు కాదు? కమిటీ మెంబర్లకే తాళం తీస్తానంటే మాత్రం అది కుతుబ్‌ఖానా కాదు, ఉత్త అల్మారీ.

ఉస్తాదుల వణుకు ఇంకో రకం. ఉర్దూ మీడియంలో చదివినవాణ్ని కాబట్టి ఒకటి తెలుసు. మన బడులకి కితాబులు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తాయి, కొన్ని రానే రావు. అట్లాంటి చోట టీచర్ ఆపా ఒక అధ్యాయం జిరాక్స్ తీసి పిల్లలకి పంచితే, హెడ్మాస్టర్ సాబ్ "కాపీరైట్!" అని గుడ్లురుముతాడు. ఢిల్లీలో ఏం జరిగిందో ఆయనకి ఎవరైనా చెప్పాలి. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో రామేశ్వరి ఫొటోకాపీ సర్వీస్ అని ఒక జిరాక్స్ దుకాణం ఉండేది. సిలబస్‌లోని పాఠాలన్నీ రకరకాల పుస్తకాల నుంచి ఒకచోట కుట్టి విద్యార్థులకి ఇస్తుంటే, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ అనే మూడు పెద్ద ప్రచురణ సంస్థలు 2012లో దుకాణం మీదా, యూనివర్సిటీ మీదా దావా వేశాయి. 2016 సెప్టెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు జడ్జి దావా కొట్టేశారు. అదే డిసెంబర్‌లో ఇద్దరు జడ్జీల బెంచ్ ఇంకొన్ని విషయాలు విచారించమని కేసు వెనక్కి పంపింది గానీ అసలు ఉసూల్ నిలబెట్టింది. బోధన కోసం, బోధనకి అవసరమైనంత మేరకు ఉస్తాదూ షాగిర్దూ నకలు తీసుకోవచ్చు. ఇన్ని పేజీలే అన్న హద్దు చట్టంలో లేదు. 2017లో ప్రచురణకర్తలే దావా వెనక్కి తీసుకున్నారు. అంత పెద్ద కంపెనీలు గెలవలేని చోట, ముప్ఫై మంది బచ్చాలకి పది పేజీలు ఇచ్చిన ఆపాని ఎవరు జైల్లో పెడతారు?

చూపు లేని పిల్లల కోసం పాఠాన్ని బ్రెయిలీలోకి మార్చినా, చదివి రికార్డు చేసి ఇచ్చినా అదే సెక్షన్ కాపాడుతుంది. ఇట్లాంటి పిల్లల కోసం 2013లో మరాకేష్‌లో కుదిరిన ఒప్పందాన్ని అందరికన్నా ముందు, 2014లో, ఆమోదించింది మన దేశమే. సాలానా జల్సాలో పిల్లలు నాటకం వేస్తే, చూసేది టీచర్లూ తోటి పిల్లలూ అమ్మీఅబ్బాలే అయితే, అదీ ఉల్లంఘన కాదు.

అన్నట్టు నకలు, అసలు, హక్కు, వకీలు, దావా, జరిమానా... తెలుగు కోర్టు భాషలో సగం మన జబాన్ నుంచి వచ్చిందే. మాటలు మనవి, మనకే భయం.

ఇప్పుడు బేఫికర్ సంగతి. తెలుగులో రాసే ముస్లిం ముసన్నిఫ్ ఎవరినైనా అడగండి. బేగం నగలు కుదువపెట్టి 500 కాపీలు వేసుకుంటాడు. ఆవిష్కరణ అయిన వారానికి ఆ కితాబు పీడీఎఫ్ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. పంపేవాళ్లలో జిరాక్స్‌కి వణికిన ఉస్తాదులే ఉంటారు! పైన "సవాబ్ కోసం షేర్ చేయండి" అని రాత. అడిగితే, ఇల్మ్‌ని దాచకూడదు భాయ్ అని జవాబు. ఇల్మ్‌ని దాచమని ఎవరన్నారు? కొని చదవమన్నారు. కొనలేని తాలిబే ఇల్మ్‌కి లైబ్రరీ ఉంది, ఉస్తాద్ ఇచ్చే నకలుంది. ఏ క్లాసుకీ సంబంధం లేకుండా గ్రూపుల్లో పారబోసేది బోధన కాదు. కానూన్‌ని పక్కన పెట్టి దీన్ మాటే మాట్లాడదామంటే, 1988 డిసెంబర్‌లో కువైట్‌లో సమావేశమైన ఇంటర్నేషనల్ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ, రచన మీద రచయితకున్నది షరియత్ గుర్తించిన హక్కేనని, దాన్ని అతిక్రమించడం జాయెజ్ కాదని తేల్చింది. హుకూకుల్ ఇబాద్ గురించి జుమ్మా బయాన్‌లో విని తలూపి, బయటికొచ్చి ఒక గరీబు రచయిత మెహనత్‌ని ఫార్వర్డ్ చేయడం ఏం ఇన్సాఫ్? పాఠాల పేరుతో ఇంకొకరి కితాబుని మక్కీకి మక్కీ దింపి, "స్టడీ మెటీరియల్" అని అట్టవేసి తల్లిదండ్రులకి అమ్ముకునే స్కూళ్లదీ ఇదే బాపతు. ఢిల్లీ తీర్పు వాళ్ల తిజారత్ కోసం వచ్చింది కాదు.

ఏ కితాబు ఎప్పుడు ఆజాద్ అవుతుందో లెక్క కష్టమేమీ కాదు. రచయిత ఇంతెఖాల్ అయిన మర్నాటి ఏడాది నుంచి 60 ఏళ్లు. పిఠాపురం ఉమర్ ఆలీషా 1945లో పోయారు. ఆయన బతికుండగా అచ్చయిన పుస్తకాలు 2005 ముగియడంతోనే అందరివీ అయ్యాయి. స్కాన్ చేయండి, అచ్చు వేయండి, పంచండి, ఎవరినీ అడగనక్కర్లేదు. మఖ్దూం మొహియుద్దీన్ 1969లో పోయారు. ఆయన 'బిసాత్-ఎ-రక్స్' నుంచి నజ్మ్‌లు క్లాసులో ఇవాళే పంచవచ్చు. పుస్తకంగా వేసి అమ్మాలంటే మాత్రం 2029 ఆఖరు దాకా వారసుల ఇజాజత్ కావాలి.

వారసులంటే ఎవరో కాదు, ఇది చదువుతున్న మీలో కొందరు. మీ దాదానో నానానో షాయర్ అయితే, కితాబు వేసి ఉంటే, ఆయన తర్వాత 60 ఏళ్లు ఆ హక్కు మీ ఇంటిదే, ఎక్కడా రిజిస్టర్ చేయించి ఉండకపోయినా. అచ్చు కాకుండా చేతిరాత బయాజ్‌గా మిగిలిపోతే, అది అచ్చయిన మర్నాటి ఏడాది నుంచి 60 లెక్కపెట్టాలి. మీరు నోరు విప్పరు, లైబ్రరీ వాళ్లు అడగరు, నడుమ దీమక్ పని దీమక్ చేసుకుపోతుంది. ఒక కాగజ్ మీద కితాబు పేరు రాసి, స్కాన్ చేసి విద్యార్థులకి ఉచితంగా ఇచ్చుకోవచ్చని రాసి, భాయీబెహెన్లు అందరూ దస్తఖత్ పెట్టి మీ ఊరి కుతుబ్‌ఖానాకి ఇవ్వండి. అందరివీ ఉండాలి, ఒక్కరిది సరిపోదు. జాయదాద్ పంపకాల్లో మాటలు పోయిన ఇళ్లు చాలానే ఉంటాయి. వచ్చే ఈద్‌కి ఒకచోట చేరినప్పుడు, షీర్ ఖుర్మా తాగేలోపే పెట్టించేయండి.