ఊరి నడుమ నిర్బంధ శిబిరం

నాజీ శిబిరాలనగానే మనకు ఆష్విట్జ్ స్ఫురిస్తుంది. కానీ ఆ దారుణం జనావాసాలకు దూరంగా మొదలుకాలేదు. బెర్లిన్‌కు ఉత్తరాన ఉన్న ఒరానియన్‌బర్గ్ పట్టణంలో, మూతబడిన బీరు కర్మాగారాన్ని 1933 మార్చి 21న ఎస్.ఏ. దళం చెరసాలగా మార్చింది. కమ్యూనిస్టులను, సోషల్ డెమోక్రాట్లను, కార్మిక సంఘాల వారిని అందులో కుక్కింది.

వారిపై అభియోగం లేదు, విచారణ లేదు. ఫిబ్రవరి 27 రాత్రి పార్లమెంటు భవనం తగులబడగా, మరునాడే వెలువడిన అత్యవసర ఉత్తర్వు వ్యక్తి స్వేచ్ఛను, పత్రికా స్వేచ్ఛను, సమావేశ హక్కును తదుపరి ఆదేశాల వరకు నిలిపివేసింది. నాజీ పాలన కూలేదాకా ఆ తదుపరి ఆదేశం రానేలేదు. నిర్బంధానికి వారు పెట్టిన పేరు 'రక్షణ నిర్బంధం'. ఎవరి నుంచి ఎవరికి రక్షణ అని మేము అడుగుతున్నాము. ఆనాడు ఏ న్యాయస్థానమూ అడగలేదు.

ఇదేమీ రహస్యం కాదు. పత్రికలు రాశాయి. ఖైదీలను పనులకు తోలుకుపోతుంటే పట్టణవాసులు చూశారు.

పార్లమెంటు మాజీ సభ్యుడు గెర్హార్ట్ సేగర్ 1933 డిసెంబరులో తప్పించుకొని ప్రేగ్ చేరి, లోపలి చిత్రహింసలను పుస్తకంగా రాశాడు. ప్రతీకారంగా ప్రభుత్వం ఆయన భార్యను, పసికూతురిని పట్టి బంధించింది. విదేశాల్లో నిరసన రేగాకనే వదిలింది. యూదు కవి ఎరిష్ మ్యూజామ్‌కు ఆ భాగ్యం దక్కలేదు. 1934 జూలైలో ఆయనను అక్కడే చంపి, ఆత్మహత్య అని ప్రకటించారు. ఆయన భార్య ఆ మాటను అంగీకరించలేదు.

ఆ నెలలోనే శిబిరం మూతపడింది. 1936లో అదే పట్టణంలో సాక్సెన్‌హౌసెన్ శిబిర నిర్మాణం మొదలైంది.