చిన్న కారునకు పెద్ద ఇంజను

ఈ నెల మాకు చేరిన జాబులలో ఒకటి తక్కినవానికంటె విచిత్రమైనది. తొర్రూరు ప్రాంతమునుండి యొక తల్లి వ్రాసినది. ఆమె కుమారుడు ఇంజనీరింగు చదువు ముగించి ప్రస్తుతము ఇంటనే యున్నాడట. వారి కొట్టములో పాత మారుతి 800 కారొకటి గలదు. దాని ఇంజనును తీసివైచి, ఎస్టీమ్ కారు ఇంజను నొకదానిని పాత సామానుల అంగడినుండి తెచ్చి, తన చేతులతోడనే బిగించెదనని ఆ చిన్నవాడు పట్టుబట్టినాడు. అందులకై తల్లి మెడలోని రెండు తులముల గొలుసును కుదువబెట్టు మనుచున్నాడు. వద్దనిన అన్నము మానునని భయము. సరే యనిన నేమగునో తెలియదు. "ఇనుము సంగతి ఆడువారి కేమి తెలియును? మీరే నాలుగు మాటలు చెప్పుడు" అని ఆమె ముగించినది.

ఇనుము సంగతి ఆడువారికి తెలియదనుట మే మొప్పము. మిక్సీ కాలబోవుచున్నదని వాసననుబట్టి పసిగట్టునది ఎవరు? బావిలో నీరు తగ్గి మోటారు ఒట్టిగా తిరుగుచున్నదని ధ్వనినిబట్టి చేని గట్టునుండియే చెప్పునది ఎవరు? ఆ తెలివితోనే ఈ సంగతియు చూతము.

ఇంజనుల బలమును గుర్రములతో కొలుచుట వాడుక. జేమ్సు వాట్టు అను స్కాట్లాండు దేశపు యంత్రజ్ఞుడు 18వ శతాబ్దమున తన ఆవిరియంత్ర మెన్ని గుర్రముల పని చేయునో కొనువారికి బోధపడుటకై ఈ కొలతను ప్రచారమునకు దెచ్చెను. ఒక గుర్రమనగా ఇంచుమించు 746 వాట్లు. అనగా మన వంటయింటి 750 వాట్ల మిక్సీ యొక గుర్రమునకు సాటి. మారుతి 800లోనిది 796 సీసీల ఇంజను. దాని బలము సుమారు 37 గుర్రములు. సీసీ యనగా ఇంజనులోని సిలిండర్ల లోపల పిస్టన్లు కదలెడు చోటి కొలత. గిద్దె, సోల వంటిదే. పాత్ర పెద్దదైన కొలది ఎక్కువ గాలి, ఎక్కువ పెట్రోలు లోనికి పోవును, ఎక్కువ బలము పుట్టును. ఎస్టీమ్ ఇంజను 1298 సీసీలది. మొదట వచ్చినది 65 గుర్రములు, తరువాతి యేండ్లలోనిది 85. మారుతి 800 కారు బరువు ఆరువందల యేబది కిలోల ప్రాంతమున నుండును. అంత తేలిక బండికి అన్ని గుర్రములను కట్టిన అది ఎట్లు లంఘించునో ఊహింపుడు. చిన్నవాని కోరికకు మూల మిదియే. రెండింజనులును సుజుకీ వంశములోనివే యగుటచే దేశమంతట ఇట్టి ముచ్చట తీర్చుకొన్నవారు గలరు. కావున అబ్బాయి యడిగినది పిచ్చికోరిక కాదు, జరుగరానిదియు కాదు.

అరణ్యపర్వమందలి నలోపాఖ్యానము మన కందరకు తెలిసినదే. బాహుకుడై యున్న నలుడు ఋతుపర్ణుని రథమునకు బక్క గుర్రములను ఎన్నుకొనగా రాజు సందేహించెను. తీరా రథము కదలినంతనే రాజు ఉత్తరీయము జారి పడినది. ఆపు మనులోపల అది యోజనము వెనుకబడెను. రథము మారలేదు, రాజు మారలేదు, గుర్రములే మారినవి. మన చిన్నవాడు కోరుచున్నదియు అదియే. అయితే ఆ కథలో మేము మెచ్చునది వేగమును కాదు. నడుమ దారిలో తాండ్రచెట్టు కనబడగా అంత వేగముతో పోవుచున్న రథమును నలుడు నిలిపెను. నిలుపగల నేర్పున్నవాడే అట్టి గుర్రములను కట్టెను.

కారులో ఇంజనుతోపాటు మారవలసినవి ఎన్నియో గలవు. 800 ఇంజనునకు మూడు సిలిండర్లు, ఎస్టీమ్ ఇంజనునకు నాలుగు. కావున పొడవు హెచ్చు, బరువు హెచ్చు. కూర్చుండబెట్టు మౌంటింగులను కోసి మరల వెల్డింగు చేయవలెను. ముందరి స్ప్రింగులు క్రుంగును. పాత రేడియేటరు ఆ వేడికి చాలదు. ఎండకాలమున మన నర్సింహులపేట ఎండలో తొర్రూరు చేరకముందే ఆవిరి చిమ్మును. గేరుబాక్సు, క్లచ్చి, చక్రములను త్రిప్పు ఇరుసులు, పొగగొట్టము, వైరింగు, వీనిలో ఏది బలహీనముగా మిగిలిన అదియే ముందుగా విరుగును. పొలములలో దీనిని చూచియే యున్నాము. మూడు గుర్రముల మోటారు తీసి ఐదు గుర్రములది దించుదురు. కేబులు పాతదే, పైపు పాతదే, స్టార్టరు పాతదే. కేబులు కాగును, పైపు జారును, వారము తిరుగకముందే మోటారు వైండింగునకు పోవును. కొత్త మోటారు ధరను లెక్కించినవారు తక్కినవాని ధరను లెక్కింపరు. గొలుసు కుదువబెట్టి తెచ్చిన సొమ్ము ఇంజనునకే సరిపోవును. గాజులకు వంతు తరువాత వచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైనది బ్రేకు. గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు బండి బ్రేకు వేసిన పిమ్మట ఆగుటకు ఎంత దూరము పట్టునో, 80 కిలోమీటర్ల వేగమున దానికి ఇంచుమించు నాలుగు రెట్లు పట్టును. వేగము రెట్టింపైన దూరము రెట్టింపని తలచువారే హెచ్చు. తొర్రూరు, మరిపెడల మీదుగా పోవు వరంగల్లు–ఖమ్మము రహదారి సంగతి మనకు తెలియనిది కాదు. కోతల కాలమున అంచున వడ్లు ఆరబోసి యుందురు; చీకటిలో లైట్లు లేని ట్రాక్టర్లు నిలిచి యుండును; మేకలమంద ఎప్పు డడ్డము వచ్చునో తెలియదు. 37 గుర్రములకై చేసిన బ్రేకులతో 85 గుర్రములను అచట నిలుపుట ఎట్లో చిన్నవానిని కాగితముమీద వ్రాసి చూపు మనుడు. చూపలేనిచో మాట అక్కడనే ముగిసినది.

కంపెనీవా రీ పనిని ఎట్లు చేయుదురో చూడుడు. మారుతివారి జిప్సీ 1985లో 970 సీసీల ఇంజనుతో వెలువడినది. 1996లో దానికి 1298 సీసీల ఇంజను పెట్టిరి. 2000లో ఆ ఇంజను బలమును 80 గుర్రములకు పెంచినపుడు బ్రేకులకు బూస్టరును గూడ చేర్చిరి. మన అంబాసిడరు కథయు నిట్టిదే: పాత 1489 సీసీల ఇంజనునకు మారుగా 1.8 లీటర్ల ఇసుజు ఇంజను పెట్టినపుడు, నాలుగు గేర్ల పెట్టెను వదలి ఐదు గేర్లది చేర్చిరి. అనేక యంత్రజ్ఞులు, పరీక్షాశాలలు, ధనము గల సంస్థలు సైత మింత జాగ్రత్త పడగా, కొట్టములో ఒంటిచేతివాడు ఎంత పడవలెను?

ఇక చట్టము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారుచేసినవారు మొదట పేర్కొన్న వివరములకును రిజిస్ట్రేషను పత్రములోని వివరములకును భేదము వచ్చునట్లు యజమాని బండిని మార్చరాదు. కేరళనుండి వచ్చిన యొక వ్యాజ్యమున 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమమును గట్టిగా నొక్కిచెప్పినది. అదే యేడు జరిగిన చట్టసవరణచే అనుమతి లేని మార్పునకు ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక మార్పునకు అయిదువేల రూపాయల జుల్మానా, లేదా రెండును విధింపవచ్చును. సి.ఎన్.జి.కి గాని, బ్యాటరీకి గాని ఆమోదము పొందిన కిట్లతో మార్చుకొనుటకు మాత్రము చట్టమే దారి చూపినది. పాత ఇంజను పాడైనచో అదే రకపు ఇంజనును రవాణా శాఖ అనుమతితో పెట్టుకొని, కొత్త నంబరును పత్రమున నెక్కించుకొనుటయు తప్పు కాదు. కారునకు పదునైదేండ్లు నిండిన రిజిస్ట్రేషనును మరల చేయించుకొనవలెను. అప్పుడు అధికారి ఇంజను నంబరును పత్రముతో సరిచూచును. పాత సామానుల అంగడిలో రసీదు లేక కొన్న ఇంజను ఎవరి బండిలోనుండి వచ్చినదో? దొంగసొత్తైనచో పోలీసులు వచ్చునది మన గుమ్మమునకే. తెలుపక మార్చిన బండికి ప్రమాదము జరిగిన, భీమా కంపెనీవారు మీకైన నష్టమును చెల్లింపమని త్రోసిపుచ్చవచ్చును.

గొలుసు మాట చెప్పక విడువరాదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము 14వ సెక్షనుచే స్త్రీకి సంక్రమించిన సొత్తునకు ఆమెయే పూర్ణ యజమానురాలు. భర్త యైనను కొడుకైనను అడుగవచ్చును. ఇచ్చుట, ఇవ్వకుండుట ఆమె చిత్తము. అబ్బాయి అన్నము మానునను భయముతో ఇచ్చినది ఇచ్చినట్లు కాదు. ఒక పూట మానిన వానికేమియు కాదు. మరునా డుదయము తానే గిన్నెలు వెదకును.

అయితే ఆ చిన్నవాని చేతులను కట్టివేయవలెనని మేము చెప్పము. ఊరక కూర్చుండి ఫోనులో మునిగి యుండుటకంటె ఇనుము పట్టుట మేలు. ఆ పాత 800 ఇంజనునే దించి, విప్పి, పిస్టను రింగులు, బేరింగులు, వాల్వులు సరిచేసి మరల బిగింపుమనుడు. మూడు సిలిండర్ల ఇంజనును నిర్దోషముగా కూర్చి కదలించినవాడు మెకానిక్కుగా నిలుచును. ఖర్చు తక్కువ, చట్టమున కడ్డు లేదు. వానికి వింతబండ్లపై మక్కువ యున్నచో హైదరాబాదు బహదూర్‌పురాలోని సుధా కార్ల మ్యూజియమును చూపుడు. సుధాకర్‌గారు పాత సామానులనుండి స్వయముగా చేసిన బండ్లతో 2010లో దానిని తెరచిరి. వంకాయ, ఎత్తుమడమల చెప్పు, చేతిసంచి రూపములలో కార్లు అందు గలవు. 2005లో వారు చేసిన బ్రహ్మాండమైన మూడు చక్రముల సైకిలు గిన్నిసు గ్రంథమున కెక్కినది. అవన్నియు ప్రదర్శనమునకే గాని రహదారిపై లారీలతో పందెమునకు గాదు.

పని మన కొట్టములోనే జరుగునపుడు తల్లి పట్టుబట్టవలసినవి కొన్ని గలవు. ఒట్టి జాకీమీద నిలిపిన కారుక్రింద ఎవ్వరును దూరరాదు. బలమైన స్టాండ్లు పెట్టి, ఊపి చూచిన పిమ్మటనే దూరవలెను. ఇంజను నెత్తుటకు ఇంటి దూలమును నమ్మరాదు. గొలుసుకప్పీతో మంచి ఇనుప చట్రమును తెప్పింపుడు. ముందుగా బ్యాటరీ తీగను విప్పింపుడు. పెట్రోలు దించునపుడు పొయ్యి, దీపము, ధూపము దగ్గర నుండరాదు, ప్లాస్టిక్కు బక్కెట్టులో పట్టరాదు. ఇసుక బక్కెట్టొకటి ప్రక్కన నుంచుడు. నూనె, పెట్రోలు తుడిచిన గుడ్డలను కుప్పగా పడవేయక ఆరుబయట పరచి ఆరవేసి, తరువాత పారవేయింపుడు. వానిని మన బట్టలతోపాటు వాషింగు మిషనులో వేయనిత్తురేమో సుమా!