ఎవరితో పోల్చుకుందాం?

జబ్బు కాలంలో మనిషి మొదట పక్కింటి వైపు చూస్తాడు. ‘వాళ్లకొచ్చింది, మనకు రాలేదు’ అనుకుంటే గుండె కుదుటపడుతుంది. 2020లో కరోనా వచ్చినప్పుడు కర్నూలు, కడప పల్లెల్లో ఇదే చూశాం. ఎండలో పనిచేసే ఒళ్లు, సంగటి తినే ఒళ్లు, మనకేం కాదన్నారు గేరిలో. మడి, శుభ్రత తమను కాపాడతాయన్నారు ఊళ్లో పెద్దకులాలోళ్లు. జబ్బు ఎవరి మాటా వినలేదు.

ఆ మార్చిలో దేశమంతా ‘సామాజిక దూరం’ అని మోగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్చి 20నే ‘భౌతిక దూరం’ అనమంది. మనదగ్గర పాత మాటే చెల్లింది. జబ్బుకు ఎడం పాటించాల్సిందే. ‘చూశారా, మా పెద్దోళ్లు పెట్టిన అంటు మంచిదే’ అని దాన్ని అడ్డం పెట్టుకోవడమే దుర్మార్గం. హోటల్లో వేరే గ్లాసు ఏ వైరస్ పెట్టింది?

ఏప్రిల్ నెలాఖరుకు రాష్ట్రంలో ఎక్కువ కేసులు కర్నూలు జిల్లావే. ఢిల్లీ మర్కజ్‌కు పోయొచ్చినోళ్లలో కొందరికి జబ్బు తేలగానే ముస్లింలందర్నీ దోషులను చేశారు. మన గేరుల్లోనూ కొందరు ఆ పాటే పాడారు. తరతరాలుగా మన మీద పడ్డ చూపును ఇంకొకరి మీదకు తిప్పితే అంబేడ్కర్ పేరెత్తే హక్కు మనకెక్కడిది?

సుగ్గికని గుంటూరు మిరప చేలకు పోయిన మన కూలీలు లాక్‌డౌన్లో అక్కడే ఇరుక్కున్నారు. కడప ఆడపడుచులు కువైట్ ఇళ్లల్లో చిక్కుకున్నారు. ‘వాళ్లకంటే మనం నయం, రేషన్ బియ్యమన్నా ఉండాయి’ అనుకున్నారు ఇంటికాడున్నోళ్లు. ఆ ‘నయమే’ మన నోరు కట్టేసింది. కిందున్నోణ్ణి చూసి తృప్తి పడేవాడు పైనున్నోణ్ణి లెక్క అడగడు.

1897 పుణె ప్లేగులో సావిత్రీబాయి ఫూలే జబ్బుపడ్డ మహర్ పిల్లవాణ్ణి వీపున మోసుకుని కొడుకు యశ్వంత్ నడిపే ఆసుపత్రికి చేర్చింది. ఆ ప్లేగే సోకి మార్చి 10న ఆ తల్లి కన్నుమూసింది. ఎవరి బిడ్డ అని ఆమె చూడలేదు.

పోల్చుకోవడం మానమనడం లేదు, సరిగా పోల్చుకుందామంటున్నాం. అంబులెన్సు ఊళ్లోకి ఎంతసేపట్లో వచ్చింది, గేరికి ఎంతసేపట్లో? ఆసుపత్రిలో మంచం ముందు ఎవరికి దొరికింది? 2020 మార్చి 22న చప్పట్లు కొట్టినోళ్లు మురుగెత్తే కార్మికుడి జీతం సంగతి అడిగారా?

కార్యకర్తలారా, ఊరూరా ఈ లెక్క రాయండి. ఇంకో జబ్బు రాకముందే ఆ కాగితం మండలాఫీసు బల్ల మీదుండాలి.

జై భీమ్!