జింకల లెక్క ఎవరి దగ్గరుంది?

నల్లకుంట, అశోక్‌నగర్ వీధుల్లో పొద్దున నడకకొచ్చే పెద్దవాళ్లలో చాలామంది అమెరికాలో పిల్లల దగ్గర ఆర్నెల్లు ఉండి వచ్చినవాళ్లే. వాళ్ల కబుర్లలో ఈమధ్య జింకలు చేరాయి. పెరట్లో వేసిన చిక్కుడు పాదునీ, గులాబీ మొగ్గల్నీ రాత్రికి రాత్రే మేసిపోతాయట. ఆ జింకల్ని అక్కడి ప్రభుత్వమే బాణాలతో వేటాడిస్తుందని చెప్పగానే వినేవాళ్లు ‘రామ రామ’ అని చెవులు మూసుకుంటారు. మాయలేడిని బాణంతో కొట్టింది ఆ రాముడేనన్న సంగతి అప్పుడు ఎవరికీ గుర్తుకు రాదు.

చెవులు మూసుకునే ముందు ఆ వేట ఎలా సాగుతుందో చూద్దాం. వర్జీనియా రాష్ట్రంలో తెలుగువాళ్లూ బాగానే ఉన్న ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ పార్కుల్లో ఇది పదిహేనేళ్లకు పైగా నడుస్తోంది. నడిపేది స్థానిక ప్రభుత్వం. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా సీజను. విల్లు పట్టేవాడికి లైసెన్సు ఉండాలి, నేరచరిత్ర లేదని తేలాలి, గురి పరీక్షలో నెగ్గాలి. చెట్టుకు బిగించిన మంచె మీద కూర్చుని కిందికి వెయ్యాలి. దూరం తక్కువ కాబట్టి గురి తప్పినా బాణం నేలలో దిగుతుంది, తూటాలా పక్కవీధికి పోదు. ఒక్క మగజింక చాలా ఆడజింకలతో జత కడుతుంది కనుక మగవాటిని ఎన్ని కొట్టినా మంద తగ్గదు. అందుకే ఆడజింకల్ని కొట్టమంటారు. మాంసాన్ని ఇంటికి తీసుకుపోవచ్చు, పేదలకు పంచే సంస్థలకు ఇవ్వొచ్చు.

ఇంతదాకా ఎందుకొచ్చింది? ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో తెల్లతోక జింకలు ఐదు లక్షలకు మించి లేవని అంచనా. ఇప్పుడు మూడు కోట్ల దాకా ఉంటాయంటారు. వాటిని తినే తోడేళ్లను మనుషులే తుడిచిపెట్టారు. ఆపైన శివారు ఇళ్ల ముందు పచ్చికలు పరిచి, పూలమొక్కలు నాటి మేత పెట్టారు. ఫలితంగా కార్లకు అడ్డంపడి చచ్చే జింకలు, చచ్చే మనుషులు, మొలక పైకి లేవని అడవులు, లైమ్ వ్యాధిని అంటించే పిడుదులు. చంపడం ఇష్టంలేని న్యూయార్క్ నగరం స్టాటెన్ ఐలండ్‌లో 2016 నుంచి మగజింకలకు వేసెక్టమీలు చేయించింది. అది దీవి కాబట్టి కొంత కుదిరింది, ఖర్చు మాత్రం లక్షల డాలర్లు. విల్లువేటను తప్పుపట్టేవాళ్లు అక్కడా ఉన్నారు. బాణం సరిగా తగలని జింక గాయంతో పారిపోయి ఎక్కడో చస్తుందన్న వాళ్ల మాట కొట్టిపారేయదగ్గది కాదు.

మన హైదరాబాద్‌లోనూ జింకలున్నాయి. విజయవాడ రహదారి పక్కన వనస్థలిపురంలో ఒకప్పుడు నిజాం వేటాడిన మైదానం ఇప్పుడు మహావీర్ హరిణ వనస్థలి జాతీయవనం. దాదాపు 3,600 ఎకరాల చోటు. మహావీరుడి నిర్యాణానికి 2,500 ఏళ్లు నిండిన సందర్భంగా 1975లో ఆ పేరు పెట్టారు. అక్కడి కృష్ణజింక వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. దాని జోలికి వెళ్తే ఏమవుతుందో సినీనటుడు సల్మాన్ ఖాన్ మీద నడిచిన కృష్ణజింకల వేట కేసు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి ఇక్కడ విల్లు మాటే లేదు. ఉండకూడదు కూడా. దేశం మొత్తం మీద తగ్గిపోయిన జంతువుకు అమెరికా మందు పనికిరాదు. పైగా వేటకు ఒకసారి తలుపు తీస్తే శివార్లలో ఉచ్చులు పన్నేవాళ్లే ముందు దూరతారు.

అయితే చంపకపోవడమే దయ అనుకుని ఊరుకుంటే ఏమవుతుందో ఢిల్లీ చూపించింది. హౌజ్‌ఖాస్‌లోని డీర్ పార్కులో 1960ల్లో ఆరు జింకలతో మొదలైన మంద ఆరువందల దాకా పెరిగింది. మేత చాలదు, రక్తసంబంధాల్లోనే జతకట్టడం తప్పదు. 2023లో కేంద్ర జూ అథారిటీ ఆ పార్కు గుర్తింపు రద్దుచేసింది. జింకల్ని రాజస్థాన్ అడవులకు తరలిస్తే, ఆ తరలింపు తీరు మీదే వివాదం రేగి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అరవై ఏళ్లు ఎవరూ పట్టించుకోని లెక్క చివరికి కోర్టు మెట్లెక్కింది.

రోళ్లపాడు కథ ఇంకా చేదు. కర్నూలు ప్రాంతంలో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెడితే కాపలా దొరికిన కృష్ణజింకలు పెరిగాయి. చేలు మేశాయి. రైతు కోపం చివరికి అభయారణ్యం మీదికే మళ్లింది. పంట నష్టపోయినవాడి దగ్గర అహింస పాఠం నడవదు.

హైదరాబాద్‌లో జింకను చంపడానికి ఎవరికీ లైసెన్సు లేదు. అయినా జింకలు చస్తూనే ఉన్నాయి. 2025లో కంచ గచ్చిబౌలిలో నాలుగొందల ఎకరాల మీదికి జేసీబీలు దిగాయి. చెట్ల నరికివేతను ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపింది. ఆ రోజుల్లోనే ఒక చుక్కల జింక కుక్కల బారినపడి చనిపోయింది. తెలంగాణ రాష్ట్ర జంతువు కూడా జింకే! చుట్టూ కాలనీలు కట్టి, పోయే దారి మూసి, వీధికుక్కల్ని వదిలేయడం కూడా ఒక రకం వేటే. సీజనూ లేదు, పరీక్షా లేదు, లెక్క అంతకన్నా లేదు. లెక్కలేని కుక్కల ఖరీదు మన ఫీవర్ ఆసుపత్రిలో రేబిస్ సూది కోసం నిలబడే వరుసను అడిగినా చెబుతుంది.

అమెరికా నుంచి మనం తెచ్చుకోవలసిందల్లా విల్లుకు ముందు జరిగే పని. అక్కడ ముందు లెక్కపెడతారు. ఈ నేల ఎన్నిటిని మోస్తుందో అంచనా వేస్తారు. తగ్గించాల్సింది ఎంతో జనానికి చెబుతారు. మరుసటి ఏడు మళ్లీ లెక్కపెడతారు. ఇందులో మన చట్టానికి అడ్డొచ్చేది ఏదీ లేదు.

తగ్గించే దారి కూడా మనకుంది. జింకను వలవేసి తరిమి పట్టుకుంటే భయంతోనే ప్రాణం వదిలేస్తుంది. అందుకే ఆఫ్రికాలో బోమా పద్ధతి పుట్టింది. గరాటు ఆకారంలో తడికలు కట్టి, రోజుల తరబడి లోపల మేత పెట్టి అలవాటుచేస్తే మంద తనంతట తానే లారీ దాకా నడుస్తుంది. ఇది మధ్యప్రదేశ్‌లో బాగా నడిచింది. నగర పార్కుల్లో పెరిగిన చుక్కల జింకల్ని కవ్వాల్ లాంటి అడవులకు చేర్చితే పులికి ఆహారం, పార్కుకు ఊపిరి. పులి నోట్లో పెట్టడం దయేనా అని అడిగేవాళ్లుంటారు. గోడ పక్కన కుక్క నోట పడటం కన్నా, మేత లేక ఎండిపోవడం కన్నా అదే జింక బతుక్కి తగిన దారి అని నా తీర్పు.

అటవీశాఖను అడగవలసింది చిన్నదే. హరిణ వనస్థలి, చిలుకూరు దగ్గరి మృగవని, గచ్చిబౌలి: ఒక్కోచోట ఎన్ని జింకలున్నాయి, ఆ గడ్డి ఎన్నిటికి చాలుతుంది, ఈ ఏడాది ఎన్ని పుట్టాయి, ఎన్ని ఎలా చచ్చాయి? ఈ నాలుగు అంకెలను ఏటా జనం ముందు పెట్టాలి. పార్కుల చుట్టూ ఉన్న కుక్కలకు ముందుగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయించాల్సిన పని నగరపాలక సంస్థలది. పాఠకులు చేయాల్సిందీ ఒకటుంది. ఈ ఆదివారం పిల్లల్ని జింకల పార్కుకు తీసుకెళ్తే, టికెట్టు కౌంటరు దగ్గర ఆ అంకెలు అడగండి.

– నల్లకుంట వాసి