గోదారి గట్టు మాది కాదు

“మీ బొమ్మలకు ప్రేరణ ఎక్కణ్ణుంచి వస్తుంది?” అని సభల్లో అడుగుతుంటారు. అడిగేవాళ్ళు ఆశించే జవాబు నాకు తెలుసు. బాపుగారి పేరు చెప్పాలి, వడ్డాది పాపయ్యగారి పేరు చెప్పాలి, చిన్నప్పుడు చందమామ ముందేసుకుని కూర్చున్నానని చెప్పాలి. ఇన్నేళ్ళూ అదే చెప్పాను. ఇక చెప్పదలచుకోలేదు. ఆ జవాబు చాటున ఒక తప్పు దాక్కుని ఉంది. అందులో నాకూ వాటా ఉంది.

సంగతేమిటంటే, కొన్నేళ్ళ కిందట ఒక పెద్ద పత్రిక నుంచి మా హొసూరు ప్రాంతపు కథ ఒకటి బొమ్మ కోసం వచ్చింది. ఒక ముసలామె ఇంటి ముందర బండ మీద కూర్చుని, అనపకాయలు ఒలుస్తూ, ఊరు విడిచిపోయిన కొడుకు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. అంతే కథ. నేను బండ గీశాను. వెనక రాతికూసాల కంచె గీశాను. బొమ్మ తిరిగొచ్చింది. “బాగుంది గానీ తెలుగుదనం లేదు” అని చీటీ. అరుగున్న పెంకుటిల్లు, కొబ్బరిచెట్లు, వీలైతే దూరాన ఏరూ పడవా ఉండాలట. గీసిచ్చాను. డబ్బు అవసరం ఉంది, పెద్ద పత్రికలో పేరు పడుతుందన్న ఆశా ఉంది.

ఆ నెల మా పక్కింటి పాపకు ఆ కథ చదివి వినిపించి బొమ్మ చూపించాను. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఆ పిల్లకు అక్షరాలు రావు. బొమ్మను చాలాసేపు చూసి, “మామా, ఈ అవ్వ యా ఊరు?” అని అడిగింది. కథలో అవ్వది మా ఊరే. బొమ్మలో అవ్వది ఏ ఊరో నాకూ తెలియదు.

ఇది చిన్న విషయం కాదు. 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చాక మా బడుల్లో తెలుగుకు చోటు ఇరుకైపోయింది. అక్షరం రాని పిల్లకు పత్రికలో బొమ్మే గుమ్మం. ఆ గుమ్మంలోనే “ఇది మీ ఇల్లు కాదు” అని చెబితే ఆ పిల్ల లోపలికి ఎందుకు వస్తుంది?

తెలుగుదనం అని సంపాదకులు వేటిని చూపిస్తారో అవి ఎక్కడ పుట్టాయో కాస్త గుర్తు చేసుకుందాం. చందమామ 1947లో మద్రాసులో మొదలైంది. చెట్టు మీది శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుణ్ణి మన కళ్ళకు కట్టిన శంకర్‌గారు తమిళులు. తోలుబొమ్మలాట ఆడించే కుటుంబాలు చాలావరకు ఇంట్లో మాట్లాడేది మరాఠీ. తెర మీద వాళ్ళ రాముడు మాత్రం తెలుగే మాట్లాడాడు. బాపుగారు జీవితంలో ఎక్కువ భాగం మద్రాసులో గడిపి 2014లో అక్కడే పోయారు. ఆయన గోదావరిని గీశారంటే అది ఆయన కళ్ళారా చూసిన గోదావరి. ఆయన దగ్గర మనం నేర్చుకోవలసింది ఆ చూడటం. మనం నేర్చుకున్నది ఆయన గీత. ఎదురుగా కనబడుతున్నదాన్ని వదిలేసి ఆయన చూసినదాన్ని మళ్ళీ గీస్తున్నాం. పైగా దాన్నే గురుభక్తి అంటున్నాం.

ఇక నా ప్రేరణ సంగతి. మా ఊరి చెరువు కట్ట కింద ఒక వీరగల్లు ఉంది. కింది పలకలో పోరు, నడిమి పలకలో వీరుణ్ణి తీసుకుపోయే దేవకన్యలు, పై పలకలో శివలింగం. కథను కింద నుంచి పైకి చదవాలి. ఒక్క రాతిలో మూడు కాలాలు పట్టించడం ఎలాగో నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, ఆ రాయి చెప్పింది. ద్రౌపదమ్మ గుడి ముందర భారతం జరిగిన ఏడాది, దుర్యోధన వధకు నేలమీద మట్టితో పెద్ద దుర్యోధనుణ్ణి పడుకోబెట్టారు. కాళ్ళ దగ్గర నిలబడితే పాదాలే కొండల్లా కనిపించాయి గానీ ముఖం కనబడలేదు. దగ్గరిది పెద్దది, దూరానిది చిన్నది అన్న పాఠం నాకు అక్కడే పట్టుబడింది.

పని చేసే తీరు కూడా చెబుతాను, ఇందులో దాచుకునే రహస్యం ఏమీ లేదు. కథను మొదటిసారి పెన్సిలు ముట్టకుండా చదువుతాను. రెండోసారి, చేత్తో తాకగలిగినవన్నీ చీటీ మీద రాసుకుంటాను: బండ, చేట, కాయలు, కూసం. ఆ తరవాత అవి ఉన్న చోటికి పోతాను. అనపకాయలు ఒలిచే అవ్వను చూడండి. కాయను గోటితో చీల్చి, గింజలు చేటలోకి, తొక్కలు పక్కకు వేస్తూ పోతుంది. ఒక్కసారి కూడా చేతుల వైపు చూడదు. కళ్ళు దారి మీదే ఉంటాయి. కథంతా ఆ చూపులోనే ఉంది. ఇంటికొచ్చి అగ్గిపెట్టెంత గడులు గీసుకుని నలుపెక్కడ, తెలుపెక్కడ అని సరిచూసుకుంటాను. సిరా చివరి పని. కొబ్బరిచెట్టు కావాలన్న సంపాదకుడు ఆ చూపునే పోగొట్టాడు. పడవ గీసేటప్పుడు అవ్వ దారిని చెరిపేసింది నేనే.

“ఎవరి ఊరు వాళ్ళు గీసుకుంటే తెలుగువాళ్ళ ఐక్యత ఏం కావాలి?” అని కొందరు పెద్దలు అంటారు. కథలో మాండలికం రాసినప్పుడు కూడా ఒకప్పుడు ఇదే మాట అన్నారు. ఈనాడు మాండలికాన్ని గౌరవంగా అచ్చువేస్తున్నారు. బొమ్మకూ మాండలికం ఉంటుందని మాత్రం ఒప్పుకోరు. ఇప్పుడు బొమ్మలు గీసే యంత్రాలు వచ్చాయి. అవి తాము ఎక్కువగా చూసినదాన్నే తిప్పి ఇస్తాయి. మన ఊళ్ళను మనమే గీయకపోతే వాటికి మాత్రం ఎట్లా తెలుస్తాయి?

యానాం మిత్రులకు గోదావరి గడప ముందే ఉంది, వాళ్ళు నిక్షేపంగా గీయాలి. సోలాపురం వాళ్ళకు మగ్గాలున్నాయి, బీడీలు చుట్టే అక్కచెల్లెళ్ళున్నారు. బరంపురం వాళ్ళకు పట్టుచీర అంచు మీద గుడి మొనలున్నాయి. బళ్ళారి వాళ్ళకు కోట కొండ ఉంది. వీటిలో ఏదీ తెలుగుకు పరాయిది కాదు.

ఈ పత్రిక సంపాదకులకు ఒక విన్నపం. వచ్చే సంచికలో నా పాత బొమ్మను వాడకండి. ఆ అవ్వను మళ్ళీ గీశాను, బండ మీదే కూర్చోబెట్టాను. పక్కింటి పాపకు ఇంకా చూపించలేదు. ముందు మీరు అచ్చువేయండి, పత్రికలోనే చూపిస్తాను.